కొంగల మేడం

ఆమె మూడోసారి ఊళ్లోకి వచ్చిన రోజు, కృష్ణయ్య హోటలు ముందు కూర్చున్నవాళ్లు నవ్వు దాచుకోవడం కూడా మానేశారు.

"అగో, కొంగల మేడం దిగింది," అన్నాడు కృష్ణయ్య, టీ గిన్నెలో చక్కెర పోస్తూ. "ఇయ్యాలన్న దొరికినయా మేడం, కొంగలు?"

హెడ్ కానిస్టేబుల్ యాదమ్మ తానూ నవ్వింది. అచ్చంపేట బస్సు దుమ్ము కొంగుతో తుడుచుకుని బెంచీ చివర కూర్చుంది. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. ఖాకీ చీర, కాళ్లకు మగవాళ్ల బూట్లు. జీపు లేదు, వెంట ఇంకో పోలీసు లేడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఓ నీళ్ల సీసా, ఓ నోటు పుస్తకం. రెండు వారాలుగా ఉప్పునుంతల చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతూ కనబడిన ప్రతివాళ్లనూ ఒకే ప్రశ్న అడుగుతోంది. ఆ రోజూ అదే అడిగింది.

"కొంగలు వాలినయ్ అంటె ఏందన్నా? మీ దిక్కు ఎవరన్న గట్ల అంటరా?"

"నీళ్లుంటె వాల్తయి. లేకుంటె లేదు," అన్నాడొకడు.

"మనూరి పిల్ల పోయి పన్నెండు దినాలాయె," అన్నాడు కృష్ణయ్య. "పిల్లను దేవులాడుమంటె పిట్టలను దేవులాడుతుంది సర్కారు."

హోటలు హోటలంతా నవ్వింది. భీమయ్య ఒక్కడు నవ్వలేదు. గ్లాసులో సగం టీ ఉండగానే బెంచీ మీద పెట్టి లేచి ఇంటిదారి పట్టాడు.

పోయిన పిల్ల సౌందర్య. దేవదాసు, ఏసమ్మల బిడ్డ. పదమూడేళ్లు. నది అవతల మిరపకాయలు ఏరే పని ఉంది, ఐదు రోజుల్లో తెచ్చి దింపుతానని ధనలక్ష్మి అనే మేస్త్రి తీసుకుపోయింది. ఐదు రోజులూ అయ్యాయి, ఇంకో వారమూ అయింది. ధనలక్ష్మి జాడ లేదు, పిల్ల జాడ లేదు. ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. పిల్ల ఎవడితోనో లేచిపోయిందంది. పోలీసులు కాగితం రాసుకుని పొయ్యిలో పెట్టుకుంటారంది.

పోలీసుల విషయంలో ఊరికంటే భీమయ్య రెండాకులు ఎక్కువే చదివాడు. ఐదేళ్ల కింద ఆయన భార్య బాలనాగమ్మను హైవే మీద లారీ కొట్టింది. బడిలో ఐదు దాకా చదివినవాడు, లారీ నంబరు చూశాడు, ఠాణాలో చెప్పాడు. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాడు. వాళ్లు 'గుర్తు తెలియని వాహనం' అని రాసుకున్నారు. ఆ రోజు నుండి ఖాకీ బట్ట కనబడితే ఆయన మొహం తిప్పుకుంటాడు.

కానీ ఆయన హోటల్లోంచి లేచి వచ్చింది కోపంతో కాదు. ఆమె అడుగుతున్న మాట ఆయనదే.

గద్వాల దగ్గర సీడు పత్తి చేలల్లో ఆరేళ్లుగా ఆయన పని చేయించే పెద్ద. అక్కడ పువ్వుకు పువ్వును చేత్తో కలపాలి. ఆ పనికి సన్నటి వేళ్లు కావాలి, రోజంతా వంగినా పట్టుకోని నడుము కావాలి. అందుకని ఏటా శ్రావణం రాగానే ముప్పై మంది ఆడపిల్లలను లారీ ఎక్కించేవాడు. పసిపిల్లల చేత పని చేయించొద్దని జీపులు తిరగడం మొదలయ్యాక ఆయన ఓ ఉపాయం కనిపెట్టాడు. దుమ్ము లేవగానే గట్టు మీద నిలబడి "కొంగలు వాలినయ్!" అని కేకేసేవాడు. మరుక్షణం చేనులో ఒక్క తల కనబడేది కాదు. జీపు వెళ్లిపోయాక "కొంగలు లేచినయ్!" అనేవాడు. తలలన్నీ ఒక్కసారే లేచేవి. ఖాకీ బట్ట చూస్తే దాక్కోవాలి. పద్నాలుగు లోపైతే కేసు గనక, దొరికితే పదిహేనేళ్లు అని చెప్పాలి. మేస్త్రి పేరు చచ్చినా చెప్పొద్దు. ఇవన్నీ ఆటలాగా నేర్పాడు. అందరికంటే ముందు నేర్చుకున్నది సౌందర్య.

చెప్పులు విప్పి గడపలో అడుగు పెట్టాడో లేదో, వెనకనుంచి గొంతు వినబడింది.

"టీ ఇడిచిపెట్టి వచ్చినవ్, పెద్దాయనా."

"బాగలేక ఇడిచిపెట్టిన. దానికి గూడ కేసు రాస్తవా?"

"రాయను. జర నీళ్లుంటె ఇయ్యి."

అడిగినవాళ్లకు నీళ్లు లేవనే అలవాటు ఆ ఇంట్లో లేదు. చెంబు ఇచ్చాడు. ఆమె సగం తాగి, అరుగు మీద కూలబడి, బూట్లు విప్పింది. మడమల దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

"ఇరవై దినాల కింద కొత్తకోటల ఒకింటికి పోయినం," అంది. "ఊర్లల్లకెల్లి ఆడపిల్లలను తెచ్చి ఆడ పెడ్తరు. ఆడికెల్లి బొంబాయి దిక్కు అమ్ముతరు. ఏం ఇండ్లకు అమ్ముతరో నీకు చెప్పాల్నా?"

భీమయ్య వద్దన్నట్టు తల ఊపాడు.

"జీపు దిగంగనే లోపల ఒక ఆడమనిషి మొత్తుకున్నది, కొంగలు వాలినయ్ అని. అంతే. మేం తలుపు తీసేసరికి పిల్లలు లేరు. వెనక గోడ దుంకి పోయిండ్రు. ఎవరి కోసం పోయినమో వాండ్లే మమ్ముల చూసి ఉరికిండ్రు, పెద్దాయనా. ఇర్వై ఆరేండ్ల నౌకరి నాది. గసొంటిది ఎన్నడు చూడలే."

"ఒక్కరు గూడ దొరకలేదా?"

"ఒక్కతి దొరికింది, కాలు ఇరిగి. శ్రీజ అని పేరు. పన్నెండు గూడ ఉండయి. ఏమడిగినా పదిహేనేండ్లు అంటది, ఇంకో మాట అనదు. నాలుగు దినాలు దవాఖానల దాని పక్కన కూసున్న. మాట్లాడలే. ఊకె చేతులు చూస్తుంటి. బొటనవేలి కొనకు కాయ కాసి ఉన్నది. మొగ్గలు గిల్లి గిల్లి అయిన కాయ. మా అక్క బిడ్డకు గూడ గట్లనే ఉంటుండె. అప్పుడు తెలిసింది నాకు, ఇది సీడు పత్తి పిల్ల అని."

ఆమె ఇంకాస్త నీళ్లు తాగింది.

"గద్వాల పోయిన. చేన్లు ఖాళీ. పిల్లలు ఏ ఊర్లకెల్లి వస్తరని ఒక్కొక్క రైతును అడిగిన. నలభై ఊర్ల పేర్లు చెప్పిండ్రు. నలభై తిరిగిన."

"బస్సుల మీద?"

"బస్సు లేని కాడ నడిచిన. మా ఎస్సై సారు కొత్త పిలగాడు. నీకు పిచ్చా అమ్మా, సెలవు పెట్టుకో అన్నడు. పెట్టుకున్న. ఇది సెలవే."

భీమయ్య ఆమె మడమల వంక చూశాడు. ఓ పిల్ల బొటనవేలు పట్టుకుని నలభై ఊళ్లు నడిచి వచ్చింది, పిలిచినవాడు లేకుండా, పోయిన చోటల్లా నవ్వించుకుంటూ. ఇలాంటిది పురాణంలో చెబితే వింటాం. ఖాకీ చీరలో అరుగు మీద కూర్చుంటే ఏం చేయాలో ఆయనకు తోచలేదు.

"మా ఊరికి మూడుసార్లు ఎందుకొచ్చినవ్ మరి?" అని అడిగాడు. గొంతు అప్పటికే తగ్గింది.

"నలభై ఊర్లల్ల నా మాటకు అందరు నవ్విండ్రు. ఈడ ఒక్క మనిషి నవ్వలే. మొదటిసారి ఏమో అనుకున్న. రెండోసారి గూడ నవ్వలే. ఇయ్యాల టీ ఇడిచిపెట్టిండు."

భీమయ్య వచ్చి అరుగు రెండో చివర కూర్చున్నాడు. తర్వాత ఆయన చెప్పాడు. గట్టు, జీపు, కేక, పదిహేనేళ్లు, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె తిడుతుందని చూశాడు. తిట్టలేదు. నోటు పుస్తకం కూడా తెరవలేదు.

"ఆ ఇంట్ల మొత్తుకున్న ఆడమనిషి ఎవరు?"

"ధనలక్ష్మి అయితది. రెండేండ్లు మా చేన్ల కాడ పిల్లలకు వండింది. నేను నేర్పుతుంటె నవ్వుకుంట చూసేది."

"సౌందర్యను తీస్కపోయిన ధనలక్ష్మా?"

"ఆమెనే." భీమయ్య నేల చూపు చూశాడు. "ఏసమ్మ నన్నే అడిగింది. పంపాల్నా పెద్దయ్యా అని. మన మనిషే, పంపు అన్న."

అప్పుడు యాదమ్మ కళ్లు మూసుకుంది. తెరిచాక గొంతులో తేడా ఏమీ లేదు. "ఆమెకు ఎవరున్నరు? ఏడ ఉంటరు?"

"ఒక తమ్ముడున్నడు. కొత్తకోట బయట పల్లిపొట్టు కొట్టం పెట్టుకున్నడు. ఇటుక బట్టీలకు తోలుతడు."

ఆమె మళ్లీ బూట్లు తొడుక్కుంది. "రేపు పొద్దున నాగర్‌కర్నూల్ బస్టాండుకు రా. మా సారును ఒప్పించి జీపు తెప్పిస్త. నువ్వు గూడ రావాలె. నీ గొంతు కావాలె నాకు."

"ఏసమ్మకు ఏం చెప్పాలె?"

"ఏం చెప్పకు. నీ మాట ఇని ఒకసారి పంపింది. సాలు."

మర్నాడు పట్టపగలు రెండు గంటలకు జీపు ఆ కొట్టం ముందు ఆగింది. హైవే దాటి, లారీ మెకానిక్ షెడ్ల వెనక ఉన్న పెద్ద రేకుల కొట్టం. కుర్ర ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, యాదమ్మ, భీమయ్య. ధనలక్ష్మి గడప మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. జీపును చూడగానే దువ్వెన వదిలేసి గొంతెత్తి అరిచింది.

"కొంగలు వాలినయ్!"

కానిస్టేబుల్ ఆమె రెక్క పట్టుకున్నాడు. ఆమె తొణకలేదు, బెణకలేదు. "పిట్టలను కొడుతున్న సారు. పల్లిపొట్టుల గింజలకు వస్తయి." అంతలో ఎస్సై వెనక నిలబడ్డ మనిషిని చూసింది. ఆమె మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. "భీమన్నా! పోలీసోల్లల్ల ఎప్పుడు చేరినవే? జీతం ఎంతిస్తుండ్రు?"

తమ్ముడు పొట్టు తోలుకుని బట్టీకి పోయి ఉన్నాడు. ముందు గదిలో ఎవరూ లేరు. వెనక గదిలో చాపలు చుట్టి ఉన్నాయి. కొట్టంలో ఒకవైపంతా పల్లిపొట్టు, మనిషి తల కంటే ఎత్తుగా, రేకుల దాకా పోసి ఉంది. కానిస్టేబుళ్లు కట్టెలతో పైపైన పొడిచి చూశారు. దుమ్ముకు దగ్గొచ్చి బయటపడ్డారు.

ఈలోపు జనం పోగయ్యారు. మెకానిక్కులు, ధాబా వాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు. గ్రీజు చేతులు నడుముకు పెట్టుకుని ఒకడు, "మామూలు తక్కువైనట్టున్నది," అన్నాడు.

"పొట్టు జోకనీకె వచ్చిండ్రా సారూ? ఎన్ని కింటాళ్లాయె?"

"గరీబు ఆడమనిషి దొరికింది పాపం. పెద్దోల్ల ఇండ్లు కానరావు వీండ్లకు."

ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి. "పోదాం పా అమ్మా," అన్నాడు మెల్లగా. "పరువు పోతుంది."

"సారు, ఈడ ఇద్దరే ఉంటరంట, అక్కా తమ్ముడు. వంటింట్ల తొమ్మిది పళ్లాలు కడిగి బోర్లిచ్చి ఉన్నయి. నీళ్లింక ఆరలే." యాదమ్మ భీమయ్య వైపు తిరిగింది. "పిలువు పెద్దాయనా."

ఆయన పల్లిపొట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు. గట్టు మీద ఆరేళ్లు వేసిన కేక, ఎన్నిసార్లు వేశాడో లెక్క లేదు.

"కొంగలు లేచినయ్!"

ఏమీ కదలలేదు. మళ్లీ అరిచాడు. బయట ఎవడో "పొట్టుల కొంగలున్నయంటరా ముసలోడు" అంటే గుంపంతా గొల్లుమంది. ధనలక్ష్మి కూడా నవ్వింది.

భీమయ్యకు ఒక్కసారిగా అర్థమైంది. ఆయన కేకకు లేవాల్సిన తలలు లేవలేదంటే, కేక వినబడక కాదు. పక్కనే నాలుగు జతల బూట్లు ఉన్నాయి. కొంగలు లేచిపోయాయని ఆయన అంటున్నాడు. పొట్టు సందులోంచి చూస్తున్న కళ్లకు అది అబద్ధమని తెలుస్తూనే ఉంటుంది.

ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈసారి కేక వేయలేదు. మామూలు గొంతుతో, ఇంట్లో పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"కొంగలు లేవలే బిడ్డా. ఈడనే ఉన్నయి. నేనే తోల్కొచ్చిన. వీండ్లను చూసి దాక్కోవాలె అని నేను మీకు నేర్పింది తప్పు. నా పని నడవాలె అని నేర్పిన. మీ కోసం నేర్పలే. వీండ్లు మిమ్ముల ఇంటికి తోల్కపోనీకె వచ్చిండ్రు. దాక్కోకున్రి. ఇగ దాక్కోకున్రి బిడ్డా."

ఆయన తన చేయి పొట్టులోకి చాచి ఉంచాడు.

అప్పుడు పల్లిపొట్టు కదిలింది. మొదట నడుమ ఒక్కచోట, నీళ్లు పడ్డ నేల కుంగినట్టు పొట్టు జారింది. అందులోంచి ఓ చేయి లేచింది. చేయి వెనక తల. జుట్టు నిండా, కనుబొమ్మల నిండా పొట్టు. ఆ పక్కన ఇంకో తల. గోడ మూలలో ఇంకోటి. విత్తనం భూమిని చీల్చుకుని వచ్చినట్టు ఒక్కొక్కరే పైకి లేచారు. మూతులకు గుడ్డలు కట్టుకుని ఉన్నారు. దగ్గుతూ, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, పొట్టులో మోకాళ్లదాకా దిగబడుతూ వెలుగులోకి వచ్చారు. నలుగురు. ఐదుగురు. ఏడుగురు.

గుమ్మం దగ్గర నవ్వుతున్న గుంపు నోరు పడిపోయింది. గ్రీజు చేతులవాడు నెత్తి మీది తువ్వాల తీసేశాడు. గుళ్లో తీసినట్టు, తనకు తెలియకుండానే తీశాడు. ఎస్సై ఒక్కొక్క తలనూ వేలితో చూపి లెక్కపెడుతూ మధ్యలో లెక్క మరిచిపోయాడు. భీమయ్య మోకాళ్ల మీదే ఉండిపోయాడు. తన చేనులో ఆరేళ్లు తలలు లేస్తుంటే చూసి నవ్వుకున్నాడు. ఈ పిల్లల్లో ఆ చేను దిగని ముఖాలు కూడా నాలుగున్నాయి. ఆయన పాఠం వాళ్లకు ధనలక్ష్మి నేర్పింది.

ఏడుగురిలో సౌందర్య లేదు.

"సౌందర్యా," అని పిలిచాడు. పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. ఏసమ్మ మొహం కళ్లముందుకు వచ్చి కూర్చుంది.

పొట్టు అడుగు నుండి గొంతు వచ్చింది. "ఈడున్న తాతా. నేను వస్త. ఈ పిల్లకు మన మాట రాదు, కన్నడం ఒక్కటే. నన్ను పట్టుకొని ఇడుస్తలేదు. నేను లేస్తె ఇది ఈడనే ఉండిపోతది."

కానిస్టేబుల్ ముందుకు పోబోయాడు. యాదమ్మ చేత్తో ఆపింది. బెల్టు విప్పి పక్కన పెట్టింది. బూట్లు విప్పింది. పుండ్లు పడ్డ కాళ్లతో పల్లిపొట్టులోకి దిగింది. నడుము దాకా, ఆపైన రొమ్ము దాకా మునిగింది. గొంతు వచ్చిన చోట ఆగి, పొట్టులోనే కూర్చుంది. తల ఒక్కటే కనబడుతోంది.

"బారమ్మా," అంది కన్నడంలో. ఆమె పుట్టింది రాయచూరు దిక్కున. "అంజబ్యాడ. నానిద్దీని." రామ్మా, భయపడకు, నేనున్నానని.

తొందర పడలేదు. కొట్టంలో ఉడుకు పోస్తోంది. చెమటకు పొట్టు ఆమె మొహం నిండా అంటుకుంది. ఆమె మాత్రం ఎంతసేపైనా కూర్చునేట్టు, అదే తన ఇల్లు అయినట్టు కూర్చుని, అవే రెండు మాటలు మెల్లగా మళ్లీ మళ్లీ అంటోంది.

చివరికి తొమ్మిదేళ్లైనా నిండని ఓ పిల్ల పొట్టులోంచి తల ఎత్తి, మెడ దగ్గరి ఖాకీ బట్ట చూసి వెనక్కి తగ్గింది. తర్వాత ఆ మెడకే రెండు చేతులూ చుట్టింది. దాని వెనక, దాన్ని తోస్తూ, సౌందర్య లేచింది.

బయట వేపచెట్టు నీడలో తొమ్మిది మందినీ కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. ఎస్సై కాగితం తీసి మొదటి పిల్లను వయసెంత అని అడిగాడు.

"పదిహేను."

రెండో పిల్లా పదిహేనే అంది. సౌందర్య నోరు తెరిచి భీమయ్య వంక చూసింది.

"నిజం చెప్పు బిడ్డా," అన్నాడాయన.

"పదమూడు సార్," అంది సౌందర్య. తర్వాత ఆయనతో అంది. "లోపలికి బూట్లు కానొస్తుండె తాతా. నువ్వేమో కొంగలు లేచినయ్ అంటివి. నువ్వు గూడ ధనలక్ష్మి దిక్కే అనుకున్న."

ఆమె గొంతులో కోపం లేదు. చూసింది చూసినట్టు చెప్పింది. తన దగ్గరికి వస్తుందేమో అని భీమయ్య కాసేపు నిలబడ్డాడు. ఆమె రాలేదు. కన్నడం పిల్ల నెత్తిలోంచి పొట్టు ఏరుతూ కూర్చుంది.

జీపులో పిల్లలు ఎక్కారు. ధనలక్ష్మిని కానిస్టేబుళ్లు ఆటోలో ఎక్కించారు. యాదమ్మ మొహం కడుక్కుని వచ్చి భీమయ్య ముందు నిలబడింది.

"ఏసమ్మకు నేను కబురు పంపుత. వాండ్లకు వనపర్తి దవాఖానల చూపిస్తం, జడ్జి ముంగట పెడ్తం, అప్పుడు ఇంటికి." కాస్త ఆగింది. "నువ్వు చెప్పింది నేను రాస్త. చేన్ల పనికి పిల్లలను పెట్టింది, దాక్కోమని నేర్పింది, అంతా. నీ మీద గూడ కేసైతది."

"రాయి."

"జీపుల జాగ లేదు. నడిచి ఠాణకు రా."

ఆమె వెంట మనిషిని పెట్టలేదు. చేయి పట్టుకోలేదు, వస్తావా అని కూడా అడగలేదు. వెళ్లి జీపు ఎక్కింది. ఖాకీ బట్ట కట్టుకున్న మనిషి ఆయన మాటను అలా ఊరికే నమ్మడం భీమయ్య ఎరగడు. జీపు మలుపు తిరిగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

గ్రీజు చేతులవాడు దగ్గరికి వచ్చాడు. గుంపుకు మళ్లీ నోరు లేస్తోంది.

"పోలీసోల్ల సంగతి తెల్వదా తాతా? రెండు దినాలల్ల ఆ ఆడమనిషిని ఇడిచిపెడ్తరు, నిన్ను లోపలేస్తరు. బెంగుళూరు బస్సొస్తుంది, ఎక్కి పో. ఎవరు చూడొచ్చిండ్రు?"

"ఎవ్వరు చూడరు," అన్నాడు భీమయ్య. "ఠాణకు తొవ్వ ఎటు?"

అతను నమ్మనట్టు ఓ క్షణం ఆయన మొహంలోకి చూసి, వేలు చూపించాడు. భీమయ్య చెప్పుల్లోంచి పొట్టు దులుపుకుని ఆ వైపు నడిచాడు.